కల్లములో ఇంటి వాటా – పొద్దుటి ఫలహారము



ఈ పూట నేను విత్తనాలను గురించి గాని, ఎరువులను గురించి గాని మాట్లాడబోవటం లేదు. ఏ చేనుకు ఏ మోతాదు ఎరువు వేయాలో, ఎన్నాళ్ళకు ఒక తడి ఇవ్వాలో మీకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. పొద్దున్నే ఆ చేనుకు వెళ్ళే మనిషి కడుపులో ఏమి పడుతున్నదో అడిగేవారే తక్కువ. ఎద్దును కట్టేముందు దాణా పెట్టామా లేదా అని చూసుకొంటాము గదా! అంతపాటి శ్రద్ధ మన మనుషులమీద పెడుతున్నామా అన్నదే ఈనాటి నా ప్రశ్న.

నాట్ల రోజులు గుర్తు తెచ్చుకోండి. ఇంటి ఇల్లాలు కోడికూతకు లేస్తుంది. వాకిలి ఊడ్చి, పాలు పితికి, అన్నము వండి, అందరికీ క్యారేజీలు కడుతుంది. తాను మాత్రము గ్లాసెడు టీ నోట్లో పోసుకొని మళ్ళోకి దిగుతుంది. మళ్ళీ మెతుకు తగిలేది ఏ పదకొండు గంటలకో. అంతదాకా నడుము వంచి, బురదలో, ఖాళీ కడుపుతో పని. కళ్ళు తిరిగితే "ఎండ దెబ్బ తగిలింది" అంటారు. ఎండ తప్పు కొంత ఉండవచ్చు. ఖాళీ కడుపు తప్పు కూడా కొంత ఉన్నది.

పిల్లల సంగతీ అంతే. టీలో రెండు బిస్కెట్లు ముంచుకొని తిని బడికి పరుగెత్తుతారు. రెండో గంట కొట్టేసరికి పలకమీదనో, పుస్తకముమీదనో కునికిపాట్లు. "మావాడికి చదువు అబ్బటంలేదమ్మా" అని తల్లి వాపోతుంది. అబ్బనిది చదువు కాదు తల్లీ, ఆకలి. ఇక మగవారు రోడ్డుమీద హోటలులో పూరీయో, మైసూరు బజ్జీయో తిని బండి ఎక్కుతారు.

మరి ఆ ఇంటి గాదెలో ఏమున్నది? పెసలు ఉన్నవి, మినుములు ఉన్నవి. మెట్ట ప్రాంతమైతే జొన్నలు, కొర్రలు, రాగులు, ఉలవలు ఉన్నవి. వేరుశనగ, నువ్వులు ఉన్నవి. దొడ్లో మునగచెట్టు, కరివేపచెట్టు ఉన్నవి. ఇవన్నీ బస్తాలకెత్తి మార్కెట్టుకు తోలి, వచ్చిన డబ్బులో కొంత ఖర్చుపెట్టి మైదా బిస్కెట్లు, కారపు ప్యాకెట్లు కొనుక్కొని వస్తున్నాము. బంగారము అమ్మి ఇత్తడి కొనుక్కోవటమంటే ఇదే.

వెనుకటికి కల్లములో ధాన్యము తూర్పారబట్టినాక, ఇంటికి చేర్చేముందే చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేర కొలిచేవారు. అందరికీ కొలిచేవాళ్ళము. ఇంట్లోవారి నోటికి కావలసిన మేర మాత్రము ఎవరూ వేరుగా కొలిచి పెట్టలేదు. అప్పట్లో ఆ అవసరము కూడా లేదు, పంటంతా ఇంటికే వచ్చేది గనుక. ఈనాడు చాలాచోట్ల కల్లములోనుంచే లారీ ఎక్కుతున్నది. కాబట్టి ఇంటి వాటాను మనమే గుర్తుపెట్టుకొని కొలవవలసిన రోజులు వచ్చినవి.

ఇది ఎంత పెద్ద సంగతో ఒక్క లెక్కతో చెబుతాను. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలకు రక్తపరీక్ష చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో నూటికి 57.6 మందికి రక్తము తక్కువగా ఉన్నట్లు తేలినది. ఆరు నెలలనుంచి అయిదేండ్లలోపు పిల్లలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63.2 మంది, తెలంగాణలో నూటికి 70 మంది రక్తహీనులే. అంటే ఒక వీధిలో పదిమంది తల్లులు నిలబడితే వారిలో అయిదారుగురు ఆ లెక్కలోకి వస్తారన్నమాట. అన్నము పండించే దేశములో ఇది మనకు తలవంపు కాదా?

రక్తహీనతకు నులిపురుగులు, వరుస కాన్పులు, మలేరియా వంటి కారణాలు కూడా ఉన్నవి. వాటికి వైద్యము వైద్యుల దగ్గరే చేయించుకోవాలి. ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలు మానరాదు. ఫలహారము మార్చితే మాత్రలు అక్కరలేదని నేను చెప్పటంలేదు. తిండి సరిగా లేకపోతే మాత్రలు ఎంత మింగినా కుండకు చిల్లి ఉన్నట్లే అని మాత్రము చెబుతున్నాను.

ఇప్పుడు ఫలహారములో ఏముండాలో చూద్దాము. మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి ధాన్యము, రెండు పప్పుగింజ, మూడు ఆకో కాయో పండో.

ధాన్యము శక్తినిస్తుంది. పప్పుగింజ కండను పెంచే మాంసకృత్తులను ఇస్తుంది. ఈ రెండూ కలిపి తినటములో ఒక కిటుకు ఉన్నది. మాంసకృత్తులు కొన్ని చిన్న చిన్న భాగాలతో కట్టిన గోడవంటివి. బియ్యము, జొన్న వంటి ధాన్యాలలో లైసీన్ అనే భాగము తక్కువ. పప్పుగింజలలో అది సమృద్ధిగా ఉన్నది. పప్పుగింజలలో మిథియోనీన్ అనే భాగము తక్కువ. ధాన్యములో అది ఉన్నది. ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చుతుంది. మన పెద్దలు ఈ పేర్లు ఎరుగకపోయినా ఇడ్లీలో బియ్యమూ మినపపప్పూ కలిపారు, పులగములో బియ్యమూ పెసరపప్పూ కలిపారు. తెలివి పేరులో లేదు, కలపటములో ఉన్నది.

మూడోది ఆకు, కాయ, పండు. గింజలలో ఉండే ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ వంటి వాటిలో ఉండే సి-విటమిను తోడైతే బాగా పడుతుంది. టీ, కాఫీ తోడైతే ఆ పట్టేది కూడా తగ్గిపోతుంది. అందుచేత ఫలహారముతోపాటే టీ తాగే అలవాటు మానండి. టీ వద్దనను, మన ఊళ్ళలో టీ వద్దంటే వినేవారెవరు? తిన్న తరువాత ఒక గంట ఆగి తాగండి, అంతే. పెసరట్టుమీద నాలుగు చుక్కలు నిమ్మరసము పిండుకోవటానికి ఖర్చేమీ లేదు.

ఇక చేసే పద్ధతులకు వస్తాను.

మొదటిది మొలకల పెసరట్టు. రెండు గ్లాసుల పెసలు, అర గ్లాసు బియ్యము తీసుకోండి. బియ్యానికి బదులు కొర్రలు గాని, జొన్నలు గాని వేయవచ్చు. జొన్నలైతే ముందురోజే నానవేయాలి. పెసలను మధ్యాహ్నము నానబోసి, రాత్రి నీరు వంచి తడిగుడ్డలో మూటకట్టి ఉంచితే తెల్లవారేసరికి చిన్న మొలక తొంగిచూస్తుంది. అంతచాలు. అల్లము, పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బి, గుప్పెడు మునగాకు సన్నగా తరిగి కలిపి అట్లు పోయండి. పెసలలో నూటికి ఇరవైపైగా వంతులు మాంసకృత్తులే. మొలకెత్తినప్పుడు సి-విటమిను పుడుతుంది, ఇనుమును పట్టి ఉంచే ఫైటేటు అనే పదార్థము కొంత విరుగుతుంది. పచ్చి మొలకలు తినటము కొందరికి ఇష్టమే గాని, చిన్నపిల్లలకు, గర్భిణీలకు ఆవిరిమీద ఉడికించే పెట్టండి. తడిగుడ్డలో మొలకతోపాటు సూక్ష్మజీవులు కూడా పెరుగుతవి.

రెండవది రాగి జావ. ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. పేరేదైనా గింజ ఒక్కటే. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉన్నది. తెల్లబియ్యములో అది సుమారు పది మిల్లీగ్రాములే. ఎముక గట్టిపడవలసిన పిల్లలకు, పాలిచ్చే తల్లులకు ఇంతకన్నా చవకైన గింజ లేదు. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరముగా ప్రకటించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు రాగి జావ ఇవ్వటము మొదలుపెట్టారు. మన తాతలు తాగిన అంబలి చుట్టూ తిరిగి మళ్ళీ మన దగ్గరకే వచ్చింది.

చిన్నపిల్లలకు జావ కాచేటప్పుడు ఒక చిక్కు ఉన్నది. పిండి ఎక్కువ వేస్తే ముద్దకడుతుంది, పిల్లవాడు మింగడు. నీళ్ళు ఎక్కువ పోస్తే కడుపు నిండుతుంది గాని బలము ఉండదు. దీనికి మందు మొలక రాగిపిండి. రాగులను ఒక రాత్రంతా నానవేసి, నీరు వంచి, గుడ్డలో కట్టి ఒకటి రెండు రోజులు మొలకెత్తనివ్వండి. ఎండబెట్టి, చేతులతో నలిపి మొలకతోకలు చెరిగి, దోరగా వేయించి విసరండి. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టే ఒక పదార్థము పిండిని విరగగొట్టి పలచబరుస్తుంది. కనుక ఎక్కువ పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు అన్నప్రాశన తరువాత తల్లిపాలు మానకుండా దీనిని బాగా ఉడికించి పెట్టవచ్చు. మూకుడులో మాడిపోయేటట్లు వేయిస్తే ఆ గుణము పోతుంది, జాగ్రత్త.

మూడవది చద్దన్నము. చద్దన్నమంటే ఈనాటి కుర్రవాళ్ళకు నామోషీ. రాత్రి మిగిలిన అన్నము చల్లారగానే శుభ్రమైన గిన్నెలో వేసి, కాచి చల్లార్చిన నీరు పోసి, గరిటెడు పెరుగు కలిపి మూతపెట్టండి. తెల్లవారేసరికి పులుస్తుంది. అందులో పచ్చి ఉల్లిపాయ, వేరుశనగ పచ్చడి, ఒక గుడ్డో, గుప్పెడు ఉడికించిన అలసందలో చేర్చితే అది పూర్తి ఫలహారమవుతుంది. ఉత్త ఊరగాయతో సరిపెడితే ఉప్పు ఎక్కువ, సత్తువ తక్కువ. రోజుకు మనిషికి అన్నిటిలోనూ కలిపి అయిదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అయిదు గ్రాములంటే ఒక చిన్న చెంచాడు. అన్నము రాత్రంతా నీరుపోయకుండా బయట వదిలివేస్తే మాత్రము తినకండి. తీగసాగినా, వాసన మారినా పారవేయండి.

నాలుగవది సాయంత్రపు చిరుతిండి. బడినుంచి వచ్చిన పిల్లవానికి నూనెలో వేగిన కారపు ప్యాకెట్టు ఎందుకు? శనగలు, అలసందలు, ఉలవలు, అనుములు – వీటిలో ఏదైనా నానవేసి ఉడికించి, ఆవాలు, కరివేపాకు తాలింపు వేసి, నిమ్మరసము పిండితే గుగ్గిళ్ళు. తెలంగాణలో గుడాలు అంటారు. పొయ్యిమీద పని అరగంట. ఇక వేరుశనగలు రెండు పాళ్ళు, నువ్వులు ఒక పాలు విడివిడిగా వేయించి, ఒక పాలు బెల్లముతో దంచి ఉండలు కట్టితే పదిహేను రోజులు నిలవ ఉంటవి. నువ్వులలో, పొట్టుతో ఉన్నవైతే, 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉన్నది. నాగులచవితికి చిమ్మిలి చేసి పాముపుట్టలో పెడతాము గదా. ఏడాదికి ఒక్కరోజు పుట్టకు పెట్టేది, ఏడాది పొడుగునా పిల్లలకు పెడితే ఎంత బాగుంటుంది! శ్రీరామనవమి వడపప్పూ అంతే. నానిన పెసరపప్పు, కొబ్బరికోరు, మామిడికోరు – ఇంతకు మించిన తేలికపాటి ఫలహారమేమి కావాలి?

బెల్లము గురించి ఒక మాట. పంచదారకన్నా బెల్లము మంచిదని చాలామంది చెంచాలకొద్దీ వేస్తారు. తీపి తీపే. మధుమేహము ఉన్నవారికి రెండూ ఒకటే లెక్క. ఉండ కట్టుకోవటానికి సరిపడినంతే వేయండి.

అయిదవది పసిపిల్లలున్న ఇంటికి. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ వారు చాలా ఏండ్ల క్రిందటే ఇంట్లో చేసుకోదగిన ఒక పిండి తయారుచేశారు. దానిని హైదరాబాదు మిశ్రమము అంటారు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగపప్పు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. గింజలు వేయించి పిండి కొట్టి బెల్లము కలపటమే. ఇది సుమారు 330 కెలోరీల శక్తిని, 11 గ్రాముల మాంసకృత్తులను ఇస్తుంది. చిక్కిన బిడ్డకు జావగా కాచి రోజుకు రెండు మూడు విడతలుగా పెట్టవచ్చు. బిడ్డ మరీ చిక్కి ఉంటే అంగన్‌వాడీలో తూకము వేయించి వైద్యునికి చూపించండి. మరొక హెచ్చరిక: అయిదేండ్లలోపు పిల్లలకు వేరుశనగ గింజలు గింజలుగా ఇవ్వకండి. గొంతులో అడ్డుపడి ప్రాణాపాయము కలుగవచ్చు. దంచి, పొడిచేసి పెట్టండి.

ఇప్పుడు మీలో ఒకరు, "ఇదంతా బాగానే ఉన్నదమ్మా, నాలుగింటికి లేచే మనిషి ఇంకా ఎన్నింటికి లేవాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేను చెప్పిన వాటిలో పొద్దున్నే పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడవలసినది పెసరట్టొక్కటే. జావ పిండి నెలకొకసారి, ఉండలు పక్షానికొకసారి చేసుకొనేవి. చద్దన్నానికి రాత్రి ఒక నిమిషము చాలు. గింజలు నానబోయటము, మిక్సీ తిప్పటము మగవారు చేస్తే ఏమీ తగ్గిపోరు సోదరులారా! ఇంకొక సంగతి, ఆడవారు చివరకు తినే అలవాటు మానాలి. మిగిలితే తినటము, మిగలకపోతే టీ తాగటము – ఆ 58 మంది లెక్కలో కొంత ఇక్కడినుంచే వచ్చింది. మళ్ళోకి దిగేముందు ఒక గ్లాసు జావ, ఒక ఉండ ఆమె నోట్లో పడిందో లేదో ఇంటి యజమాని చూడాలి. పాలు కూడా కేంద్రానికి పోసేముందు పిల్లలకు ఒక గ్లాసు తీసి పక్కన పెట్టండి.

ఇక జాగ్రత్తలు. ఇవి రైతు ఇంటికి ప్రత్యేకముగా వర్తించేవి గనుక శ్రద్ధగా వినండి.

విత్తనశుద్ధి చేసిన గింజ ఎర్రగానో, పచ్చగానో రంగు వేసి ఉంటుంది. విత్తగా మిగిలిన ఆ గింజను కడిగి మొలకలకో, పిండికో వాడకండి. కడిగినా మందు పోదు. కోళ్ళకు కూడా వేయకండి. వాటిని వేరుగా, పిల్లలకు అందకుండా పెట్టండి.

తినే గింజల్లో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు పెట్టటము కొన్ని ఇళ్ళలో చూస్తున్నాము. దాని విషవాయువు, మనుషులు నిద్రపోయే ఇంట్లో, నిండు ప్రాణాలు తీస్తుంది. ఇంట్లో అది పనికిరాదు. గింజలను గలగలలాడేటట్లు ఎండబెట్టి, చల్లార్చి, గాలి చొరని డబ్బాలలో పోయండి. కొద్దిపాటి పప్పుగింజలకు వంటనూనె పలచగా పట్టించినా పుచ్చు చాలావరకు ఆగుతుంది.

వేరుశనగకు, మొక్కజొన్నకు తడి తగిలితే పచ్చని బూజు పడుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషము పుట్టిస్తుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలోని గిరిజన గ్రామాలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా చనిపోయారు. వారు ఎవరో తెచ్చిన విషము తినలేదు, తమ చేలో పండిన గింజే తిన్నారు. ఉడికించినా, వేయించినా ఈ విషము పూర్తిగా పోదు. కాబట్టి ముడతపడిన, రంగుమారిన, చేదు తగిలిన గింజను ఏరి పారవేయండి. "పోనీలే, గేదెకు వేద్దాము" అనుకోవద్దు. అది పాలలోనుంచి తిరిగి మన పిల్లల గ్లాసులోకే వస్తుంది. మంచి కాయలు అమ్మి, తాలు కాయలు ఇంటికి ఉంచుకొనే అలవాటు ఉన్నచోట ఈ మాట మరీ ముఖ్యము. ఇంటి వాటా మంచి కాయలోనుంచే తీయండి.

వేపుడు నూనెను మళ్ళీ మళ్ళీ కాచకండి. పండుగకు పిండివంట చేసుకోవద్దని ఎవరూ అనరు. మిగిలిన నూనెను తాలింపులకు రెండు మూడు రోజులలో వాడివేయండి. నల్లబడి, నురుగు వస్తే పారవేయండి. మందు చల్లిన తోటలో గడువు తీరకముందు ఆకుకూర కోయకండి.

చివరగా లెక్క. అయిదుగురున్న ఇంటికి ఫలహారానికి పప్పుగింజలు రోజుకు 200 గ్రాములు చొప్పున ఏడాదికి 73 కిలోలు. రాగులో, జొన్నలో, కొర్రలో రోజుకు 300 గ్రాములు చొప్పున సుమారు 110 కిలోలు. వేరుశనగపప్పు, నువ్వులు కలిపి రోజుకు 50 గ్రాములు చొప్పున 18 కిలోలు. మొత్తము చూస్తే రెండు క్వింటాళ్ళు. పంట పండించే ఇంటికి ఇది భారము కాదు. తమకు పండనిది పక్కింటివారి దగ్గర గింజకు గింజ మార్చుకోండి. పత్తి, మిరప ఒక్కటే వేసే రైతులు గట్లమీద కందులు, చేనులో నాలుగు సాళ్ళు పెసలో అలసందలో వేసుకోండి. అవి ఇంటి సాళ్ళు.

గ్రామాలలో పనిచేసే వ్యవసాయ విస్తరణ కార్యకర్తలకు కూడా ఒక మనవి. మీరు రైతు ఇంటికి వెళ్ళినప్పుడు ఎకరానికి ఎన్ని బస్తాలు అయినవని అడుగుతారు. దానితోపాటు, "ఇంటికి ఎన్ని ఉంచారు?" అని ఇంకొక ప్రశ్న అడగండి. నలుగురు అడిగితే అలవాటు అదే అవుతుంది.

సోదరులారా, ఈసారి నూర్పిడి అయిననాడు, వ్యాపారి తూకపు కాటా వేసేముందు, ఇంటి ఆడవారిని కల్లములోకి పిలవండి. మంచి గింజలో వారి చేతనే ఇంటి వాటా కొలిపించండి. ఆ తరువాతనే బస్తాకు కుట్టు వేయండి.